రోడ్డు మీద కూర్చున్నది నేనే. కోర్టులో "నేను లేను" అని చెప్పాలా?

నల్లరేగడి
మాది బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. గ్రానైట్ టిప్పర్లు ఊరి మధ్యలోంచి, హైస్కూలు గేటు ముందు నుంచే పోతాయి. అన్నీ ఓవర్‌లోడు. స్పందనలో నాలుగుసార్లు అర్జీ ఇచ్చాం. ఇచ్చినప్పుడల్లా రసీదు చేతిలో పెట్టారు, అంతే. 2023 ఆగస్టులో ఎనిమిదో తరగతి పిల్లాడి సైకిల్‌ను టిప్పరు గుద్దింది. కాలు విరిగింది. మర్నాడు పొద్దున ఏడింటి నుంచి పదకొండున్నర దాకా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. మైకు పట్టుకున్నది నేను. "కేసులు పెడితే పెట్టుకోండి, జైలుకైనా పోతాం" అన్నదీ నేనే.

17 మంది మీద కేసు పెట్టారు. అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలోని 341, 283 సెక్షన్లు. ఇన్నాళ్లకు సమన్లు వచ్చాయి. వచ్చే వాయిదాకు మేజిస్ట్రేటు గారు అభియోగం చదివి వినిపించి, ఏమంటారని అడుగుతారట. మా ప్లీడరు గారేమో "మేమెవరమూ అక్కడ లేమని చెప్పండి చాలు. సాక్షి అడ్డం తిరిగేలా చూసుకుందాం, కేసు కొట్టేస్తారు" అంటున్నారు. మిగతావాళ్లంతా సరేనన్నారు.

నాకు నిద్ర పట్టడం లేదు. మైకులో జైలుకైనా పోతానన్న మనిషిని, బోనులో నిలబడి ఆ రోజు పొలంలో ఉన్నానని ఎట్లా చెప్పాలి? అలాగని ఒప్పుకుంటే మిగతా 16 మందికి చెరుపు చేసినవాణ్ణి అవుతానేమో. మీరైతే ఏం చేస్తారు?

బెజవాడ_బుజ్జి
ప్లీడరు గారి మాట వినండి. దేశంలో రాస్తారోకో కేసులు లక్షణంగా ఇలాగే పోతాయి. నిద్ర పట్టకపోతే రాత్రిపూట మజ్జిగ తాగండి.

రిటైర్డ్_మాస్టారు
బుజ్జీ, మజ్జిగతో తగ్గే బాధ కాదు ఇది.

నల్లరేగడి గారూ, మీ ప్రశ్న చాలా పాతది. 1917లో గాంధీ చంపారన్ వెళ్లినప్పుడు జిల్లా వదిలి పొమ్మని ఆర్డరు ఇచ్చారు. ఆయన పోలేదు. మోతీహారీ కోర్టులో నిలబెడితే, ఆర్డరు అందిందని, కావాలనే ధిక్కరించానని, శిక్ష ఏదైనా వేసుకోమని చెప్పేశాడు. ప్రభుత్వం తరఫువాళ్లు సాక్షులను తెచ్చుకుని తయారుగా ఉన్నారు. ఆ సాక్షులతో పనే లేకుండా పోయింది. మేజిస్ట్రేటుకు ఏం చేయాలో తోచక తీర్పు వాయిదా వేశాడు. బెయిలుకు డబ్బు కట్టమంటే గాంధీ కట్టనన్నాడు. చివరికి ఉత్తపుణ్యానికే వదిలిపెట్టి, కొద్దిరోజులకు కేసే ఎత్తేశారు.

శిక్షకు సిద్ధపడ్డవాడిని శిక్షతో బెదిరించలేరు. మీ బలమంతా అక్కడే ఉంది. "నేను లేను" అన్నారంటే ఆ బలాన్ని మీ చేతులతో మీరే తీసి పక్కన పెట్టినట్టు.

ఓరుగల్లు_బిడ్డ
మాస్టారూ, అది గాంధీ కాబట్టి నడిచింది. తెలంగాణ ఉద్యమంల నేను రైలు పట్టాల మీద కూర్చున్న. రైల్వే చట్టం 174 కింద కేసు. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అప్పుడు నాకు 21 ఏండ్లు, డిగ్రీ ఫైనలియర్. వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులు అరిగినయ్, పాస్‌పోర్టు ఆగింది. రాష్ట్రం వచ్చింది, మస్తు సంబరపడ్డ. కానీ నాకు "కూర్చో బిడ్డా" అని చెప్పిన పెద్దమనిషి ఒక్కసారి కూడా కోర్టు మెట్లెక్కలేదు.

బాధ్యత తీసుకోవడం అంటే ముందు అది. నీ మాట విని కూర్చున్న పిల్లగాడి వాయిదాకు నువ్వు పోవాలె.

నల్లరేగడి
అన్నా, ఈ మాట గుండెలో దిగింది. మా 17 మందిలో ముగ్గురు కుర్రాళ్లు ఉన్నారు. ఒకడు కానిస్టేబులు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. నేను పిలిస్తేనే వచ్చాడు.

నల్లకోటు
నేను 22 ఏళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడ రెండు వేరువేరు విషయాలు కలగలిసిపోతున్నాయి, విడదీస్తాను.

341 అంటే మనిషిని దారిన పోనివ్వకుండా ఆపడం. గరిష్ఠంగా నెల జైలు లేదా 500 జరిమానా, లేదా రెండూ. 283 అంటే దారికి అడ్డం కలిగించడం, 200 దాకా జరిమానా. మామూలుగా జరిమానాతో పోతుంది. అయితే ఒప్పుకుని జరిమానా కట్టడం కూడా శిక్ష పడినట్టే. చాలామంది ట్రాఫిక్ చలానా కట్టినట్టు కట్టేసి, తర్వాత ఉద్యోగం ఫారం నింపేటప్పుడు బాధపడతారు.

ఇక రెండోది. "నేరం ఒప్పుకోను" అనడం అబద్ధం కాదు. రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. మౌనంగా ఉండే హక్కు నిందితుడికి రాజ్యాంగమే ఇచ్చింది. "నేను అక్కడ లేను" అనడం వేరు, అది అబద్ధం. సాక్షిని అడ్డం తిప్పడం అంతకన్నా పెద్ద తప్పు, దాన్ని నా తోటి ప్లీడరు సలహా అని నేను సమర్థించను.

మీ కుర్రాడు మౌనంగా ఉండి కేసు నడుపుకోవచ్చు. ఎవరూ వేలెత్తి చూపే పని కాదది. కానీ ఉద్యోగం ఫారంలో కేసు ఉన్న సంగతి దాచొద్దని చెప్పండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. చిన్న వయసులో నినాదాలు ఇచ్చినలాంటి చిన్న కేసులను చూసీచూడనట్టు వదిలేసే వీలు ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఉంటుంది. దాచి దొరికిపోతే మాత్రం ఆ దాచడమే మెడకు చుట్టుకోవచ్చు.

డెట్రాయిట్_తెలుగు
నల్లకోటు గారు చెప్పినదానికి సరిపోయే కేసు ఒకటి. అమెరికాలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ 1955 డిసెంబరు 1న మోంట్‌గోమరీ బస్సులో తెల్లవాళ్ల కోసం లెమ్మంటే సీటు వదలలేదు. కోర్టు 10 డాలర్ల జరిమానా, ఇంకో 4 డాలర్ల ఖర్చులు వేసింది. ఆమె అపీలుకు వెళ్లింది. అంటే శిక్షను తలవంచి ఒప్పుకోలేదు, చట్టమే తప్పని పోరాడింది. కానీ సీటు వదలనిది నేను కాదని ఎక్కడా అనలేదు.

తర్వాత ఆమె పడ్డది 14 డాలర్లు కాదు. ఉద్యోగం పోయింది. బెదిరింపులు. ఆ ఊళ్లో బతకలేక 1957లో మా డెట్రాయిట్‌కు వచ్చేశారు. ఆ బస్సు ఇక్కడే డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ మ్యూజియంలో ఉంది, లోపలికి ఎక్కి కూర్చోనిస్తారు. మా అమ్మాయిని తీసుకెళ్లాను. "ఇంత చిన్న సీటు కోసమా నాన్నా" అంది. జవాబు చెప్పడానికి ఇంటికొచ్చేదాకా పట్టింది.

చీరాల_మగ్గం
మన పక్క ఊరి కథ ఎవరూ ఎత్తరేం? నల్లరేగడి గారిది మా జిల్లానే కదా.

చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు ఒక్కసారిగా పెంచారు. నేతపని వాళ్లు కట్టలేమన్నారు. కొందరు జైలుకు పోయారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు. శాంతిగా పన్ను నిరాకరించి వచ్చింది అనుభవించడం ఒకటి, ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి పోవడం రెండోది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు జనాన్ని తీసుకుని హద్దు బయట రామ్‌నగర్ అని పాకలు వేయించారు. వేల మంది, సుమారు 11 నెలలు. ఎండాకాలం పాకల్లో, వానాకాలం అవే పాకల్లో. మగ్గాలు అక్కడికే మోసుకెళ్లారు. మా తాత తల్లి ఆ పాకలో ప్రసవించిందని మా ఇంట్లో చెప్పుకుంటారు.

దుగ్గిరాల వారిని బరంపురంలో పట్టుకుని ఏడాది జైల్లో వేశారు. ఆయన లేక, డబ్బు లేక జనం మెల్లగా వెనక్కి వచ్చారు. మునిసిపాలిటీ ఉండనే ఉంది. ఓడిపోయాం అనే అనుకోండి. కానీ వందేళ్ల తర్వాత కూడా మా ఇంట్లో "మేం వెళ్లలేదు" అన్నవాళ్లు లేరు. "మేం వెళ్లాం" అనే చెబుతాం.

బెజవాడ_బుజ్జి
సరే, మజ్జిగ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్కటి అడుగుతా. అప్పుడు పరాయి ప్రభుత్వం. ఇప్పుడు మన ఓట్లతో వచ్చిన ప్రభుత్వం. 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఏమన్నారు? రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం, శాసనోల్లంఘన వదిలేయాలని, వాటిని అరాచకానికి వ్యాకరణం అన్నారు. అర్జీ ఉంది, హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) ఉంది. రోడ్డు మీదికి ఎందుకు వెళ్లాలి?

నల్లరేగడి
నాలుగు అర్జీలు ఇచ్చాకే కూర్చున్నాం బుజ్జి గారూ. పిల్ వేయడానికి మాకు తెలిసినవాళ్లూ లేరు, డబ్బూ లేదు. కూర్చున్న వారానికి స్కూలు టైములో టిప్పర్లు ఆపారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఇప్పటికీ రావు.

రిటైర్డ్_మాస్టారు
బుజ్జీ మంచి మాట ఎత్తాడు. అంబేద్కర్ హెచ్చరికను నేను తేలిగ్గా తీసుకోను. ఎవరికి వారు నచ్చని చట్టాన్ని తొక్కేస్తే బలవంతుడిదే రాజ్యం. మరి శాసనోల్లంఘన చేసేవాడికీ, క్వారీ వాడు పర్మిట్ లేకుండా టన్నులు ఎక్కించడానికీ తేడా ఏమిటి? ఇద్దరూ చట్టం మీరినవాళ్లే కదా. ఒకడు రాత్రిపూట మీరి, దొరికితే ఎవరితోనో ఫోన్ చేయిస్తాడు. ఇంకొకడు పట్టపగలు నలుగురిలో మీరి, పేరు చెప్పి, శిక్షకు నిలబడతాడు. ఆ నిలబడటం తీసేస్తే ఇద్దరికీ తేడా లేదు. అందుకే నల్లరేగడి గారి ప్రశ్న చిన్నది కాదంటున్నాను.

సుజాత_స్టాఫ్‌నర్సు
అందరూ జైలు, జరిమానా గురించే మాట్లాడుతున్నారు. రోడ్డు మీద ఇరుక్కున్నవాళ్ల సంగతి ఏంటి?

2018లో మా అత్తయ్యకు డయాలసిస్ రోజు. దారిలో ఎవరిదో రాస్తారోకో. కారణం న్యాయమైనదే, కాదనను. బతిమాలితే గంటన్నర తర్వాత వదిలారు. ఆమెకు ఆయాసం వచ్చి నా ఒళ్లో వాలిపోయింది. బతికారు. కానీ ఆ గంటన్నరకు శిక్ష పడింది మా అత్తయ్యకు, అక్కడ కూర్చున్నవాళ్లకు కాదు. జెండా పట్టుకున్న అబ్బాయి తర్వాత ఫేస్‌బుక్‌లో "నాపై అక్రమ కేసు" అని రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ మాట చూస్తే నాకు కోపం ఆగదు.

నల్లరేగడి గారూ, మీ నాలుగున్నర గంటల్లో ఎవరెవరు ఆగిపోయారు? గుర్తుందా?

నల్లరేగడి
సుజాత అక్కా, మొదటి పోస్టులో రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి మొహం చెల్లలేదు.

రెండు అంబులెన్సులు వచ్చాయి, రెండింటికీ లేచి దారి ఇచ్చాం. స్కూలు ఆటోలు పంపించాం. కానీ పక్క ఊరి పాల ఆటో అతన్ని పంపలేదు. "ఒక్కడిని వదిలితే అందరూ పోతారు" అని నేనే ఆపాను. నాలుగు క్యాన్ల పాలు, చిల్లింగ్ సెంటరు టైము దాటిపోయింది. మొత్తం విరిగాయి. అతనిది సొంత ఆటో కూడా కాదు, ఫైనాన్సులో ఉంది. పాలు పోసినవాళ్లకు అతనే డబ్బు కట్టుకున్నాడు.

కేసులో ఒకటో సాక్షి అతనే. అడ్డం తిప్పుదాం అంటున్నది అతన్నే.

ఓరుగల్లు_బిడ్డ
అన్నా. ఇది ముందే చెప్పాల్సింది.

మిరపతోట
అయితే మీకు నిద్ర పట్టనిది మైకులో అన్న మాటకు కాదు. ఆ పాలకు.

నల్లకోటు
ఇప్పుడు విషయం మారింది. 341 రాజీ పడదగిన సెక్షన్. ఆపబడిన మనిషి, అంటే ఆ పాల ఆటో అతను, ఒప్పుకుంటే కోర్టు ముందే రాజీ చేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో ఇలాంటివి చాలా ముగుస్తాయి. నష్టపరిహారం ఇవ్వండి, రాజీ పత్రం రాసుకోండి. 283కు జరిమానా కట్టడమో పోరాడటమో మీ ఇష్టం.

సుజాత_స్టాఫ్‌నర్సు
నల్లకోటు గారూ, చట్టప్రకారం సరే. కానీ డబ్బిచ్చి "కేసు వదిలెయ్" అంటే అది పరిహారమా, సాక్షిని కొన్నట్టా? రెండేళ్లుగా గుర్తురాని పాలు, సమన్లు వచ్చాక గుర్తొచ్చాయా అని అతను అనుకోడా?

నల్లకోటు
అనుకుంటాడు. అందుకే రాజీ పత్రం షరతు లేకుండా ముందు పాల డబ్బు ఇవ్వాలంటాను. లేదా మొత్తం వ్యవహారం మేజిస్ట్రేటు ఎదుట, బహిరంగంగా. చాటున ఇస్తే మాత్రం ఎంత మంచి మనసుతో ఇచ్చినా మరకే.

డెట్రాయిట్_తెలుగు
కుర్రాళ్ల విషయానికి ఒకసారి వెనక్కి వెళ్తాను. 1963 మేలో ఇక్కడ అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల హక్కుల కోసం వందలాది స్కూలు పిల్లలు ఊరేగింపుగా వచ్చి అరెస్టయ్యారు. పిల్లలను ముందుకు తోస్తారా అని ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను అప్పుడు చాలామంది తప్పుపట్టారు. నేనూ ఆ తప్పుపట్టేవాళ్ల వైపే. అయితే ఏప్రిల్‌లో ముందు తాను జైలుకు వెళ్లాకే అది జరిగింది. మీరు కనీసం ఆ వరస పాటించండి. ముందు మీరు.

చీరాల_మగ్గం
వరస అంటే గుర్తొచ్చింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1923 కాకినాడ కాంగ్రెస్‌లో చిన్నపిల్లగా వాలంటీరు. టికెట్ లేదని నెహ్రూనే ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. అదే దుర్గాబాయి 1930లో మద్రాసులో ఉప్పు చట్టం ధిక్కరించి జైలుకు పోయింది. నియమం అంటే అంత పట్టింపు ఉన్న మనిషి చట్టం మీరింది కాబట్టే ఆ మీరడానికి విలువ వచ్చింది అంటాను.

బెజవాడ_బుజ్జి
ఇది బాగుంది. నెహ్రూ గారికే టికెట్ అడిగిన తెలుగువాళ్లం మనం, మన పెళ్లిళ్లలో మాత్రం ఎవరినీ ఆపలేం.

రిటైర్డ్_మాస్టారు
పాల ఆటో సంగతి చదివాక ఒకటి చెప్పాలనిపించింది. గాంధీ 1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ముందు నిలబడ్డాడు, రాజద్రోహం కేసు. అందరూ గుర్తుపెట్టుకునేది "గరిష్ఠ శిక్ష వేయండి" అన్న భాగాన్ని. దానికి ముందు ఆయన ఇంకో పని చేశాడు. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషను తగలబెట్టారు. 20 మందికి పైగా పోలీసులు చనిపోయారు. గాంధీ అక్కడికి వందల మైళ్ల దూరంలో ఉన్నాడు. తన ప్రమేయం లేదనవచ్చు. అనలేదు. ఆ నింద తన మీద వేయడం సరైనదేనని కోర్టులో ఒప్పుకున్నాడు. అంతకుముందే ఉద్యమం ఆపేశాడు, అయిదు రోజులు ఉపవాసం ఉన్నాడు. ఆరేళ్ల శిక్ష వేస్తూ, ప్రభుత్వం దీన్ని తగ్గిస్తే నాకన్నా సంతోషించేవాడు ఉండడని జడ్జే అన్నాడు.

తాను చేయని హింసకే అంత తీసుకున్నాడు ఆయన. మీరు చేత్తో ఆపిన ఆటో అది.

ఓరుగల్లు_బిడ్డ
మాస్టారూ, ఆ కథల ఇంకో సగం ఉంది. గాంధీ రెండేళ్లకు, ఆపరేషన్ అయినంక బయటికొచ్చిండు. చౌరీచౌరా కేసుల కింది కోర్టు 172 మందికి ఉరి వేసింది. మదన్‌మోహన్ మాలవీయ వాదిస్తే హైకోర్టుల తగ్గింది, అయినా 1923ల 19 మందిని ఉరి తీసిన్రు. పేరులేని రైతులు. నాయకుడు నైతిక బాధ్యత తీసుకున్నా తాడు వేరేవాళ్ల మెడకు పడింది. గాంధీని తక్కువ చేస్తలేను. కానీ మాటతో తీసుకునే బాధ్యతకు ఒక హద్దు ఉంటది, అది మర్చిపోవద్దు.

రిటైర్డ్_మాస్టారు
ఒప్పుకుంటాను. 35 ఏళ్లు సాంఘికం చెప్పాను. ఆ 19 మంది గురించి క్లాసులో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మిరపతోట
నల్లరేగడి గారూ ఏమైపోయారు? మూడు రోజులైంది.

నల్లరేగడి
పక్క ఊరు వెళ్లొచ్చాను. అందుకే ఆలస్యం.

నేనూ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లం వెళ్లాం. కుర్రాళ్లను తీసుకెళ్లలేదు. అతను గేదెలకు మేత వేస్తున్నాడు. కుర్చీ వేయలేదు, మేం నిలబడే మాట్లాడాం. పాలు విరగడానికి కారణం నేనేనని చెప్పాను. ఆ రోజు రేటు లెక్కగట్టి, రెండేళ్ల వడ్డీ కలిపి డబ్బు కవర్లో పెట్టి తీసుకెళ్లాను. కేసు మాట ఎత్తలేదు.

అతను కవరు ముట్టుకోలేదు. "ఇప్పుడు తీసుకుంటే నేను అమ్ముడుపోయానంటారు. కోర్టులో జరిగింది జరిగినట్టు చెబుతాను. చెప్పాక తీసుకుంటాను. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు" అన్నాడు. కాసేపాగి, "టిప్పర్లు ఆగడం మంచిదే. మా చెల్లెలి పిల్లలు ఆ స్కూలే" అన్నాడు. అంతే, లోపలికి పోయాడు.

వచ్చేశాక మా 17 మందిని కూర్చోబెట్టి చెప్పాను. సాక్షి జోలికి ఎవరూ పోకూడదని. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, నా మీద కోపంగా ఉన్నారు. కానిస్టేబులు కుర్రాడు మౌనంగా కేసు నడుపుకుంటాడు, ప్లీడరు ఫీజు నేను పెట్టుకుంటున్నాను. ఇద్దరు పెద్దవాళ్లు నాతో పాటు ఒప్పుకుంటామన్నారు. మిగతావాళ్లు ఇంకా తేల్చుకోలేదు. నేను తొందరపెట్టడం లేదు, ఒకసారి తొందరపెట్టింది చాలు.

నల్లకోటు గారూ, ఒప్పుకునేటప్పుడు "అవును" అనడమేనా, ఏమైనా చెప్పుకోవచ్చా?

నల్లకోటు
చెప్పుకోవచ్చు. మీది పాత కేసు కాబట్టి పాత నేర విచారణ చట్టం, సీఆర్‌పీసీ 252 ప్రకారం నిందితుడు నేరం ఒప్పుకుంటే, మేజిస్ట్రేటు సాధ్యమైనంతవరకు అతని మాటల్లోనే రాసుకోవాలి. కాబట్టి క్లుప్తంగా, స్పష్టంగా చెప్పండి. ఇంటి దగ్గర కాగితం మీద రాసుకుని రెండుసార్లు చదువుకోండి. శిక్ష పడితే వచ్చే ఇబ్బందులు మాత్రం మీ ప్లీడరుతో ఇంకోసారి మాట్లాడి వెళ్లండి. ఆయన మీద కోపం పెట్టుకోకండి, మిమ్మల్ని కాపాడాలనే ఆయన తాపత్రయం.

సుజాత_స్టాఫ్‌నర్సు
ఆ కాగితంలో టిప్పర్ల సంగతితో పాటు పాల సంగతి కూడా రాయండి తమ్ముడూ.

నల్లరేగడి
మొదటి వాక్యం అదే రాశాను అక్కా.

ఓరుగల్లు_బిడ్డ
వాయిదా ఎప్పుడు?

నల్లరేగడి
24న, పొద్దున పదిన్నరకు.

ఓరుగల్లు_బిడ్డ
వరంగల్ నుంచి రాత్రి రైలు ఉంది. పొద్దునకల్లా చీరాలల దిగుత. ఆ కుర్రాడి పక్కన కూర్చుంట.

చీరాల_మగ్గం
స్టేషనుకు నేనొస్తా అన్నా. టిఫిను మా ఇంట్లో.